చలువ పందిరికి నాలుగో కాలు

పెద్ద ఎండలు, మొదటి సోమవారం

నడక విభాగం వారికి,

మీ కబురు అందింది. పందిరి ఆలస్యానికి కారణమయ్యేవాళ్లు రోజూ ఆ కారణం రాసి పంపాలన్నారు. కారణం నా ఎడమ మోకాలు. నిజానికి ఈ దినచర్య ఇక్కడితో అయిపోవాలి. కానీ మీరు రోజూ రాయమన్నారు, మోకాలు కూడా రోజూ ఉంటుంది, కాబట్టి రాస్తాను.

నా పేరు లాస్య. నడక చూసి పెట్టిన పేరు కాదు. మా తరంలో ఇంటికో లాస్య, వీధికో జాహ్నవి ఉండేవాళ్లం. ఇప్పుడు నాతో చదివే పిల్లల పేర్లు ఓబులేసు, పుల్లమ్మ. మా అవ్వల పేర్లన్నీ వీళ్లు మళ్లీ తెచ్చుకున్నారు. నాకు అరవై దాటాయి. మన ఎర్రమల విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రం చివరి ఏడు చదువుతున్నాను.

ఈ ఉదయం సంగతి ఇది. పందిళ్లు ఆగే హాస్టల్ రేవులో పందిరి నిలబడి ఉంది. పుల్లమ్మ ముందు కాలి దగ్గర ఉంది, ఓబులేసు వెనక కాలి దగ్గర చేతిలో చపాతీ చుట్టుకుని తింటున్నాడు. నేను వెళ్లి మూడో కాలు పట్టుకున్నాను. "ఇంకో కాలు కావాల!" అని ఓబులేసు కేకేశాడు. ఎవరో కొత్త అబ్బాయి, వ్యవసాయం పిల్లాడనుకుంటాను, పరుగున వచ్చి నాలుగో కాలి మీద అరచెయ్యి పెట్టాడు. నాలుగు చేతుల వెచ్చదనం తగిలాక పందిరి లేచింది. తల మీద చలువ గుడ్డ విచ్చుకుంది. నలుగురం ఎండలోకి దిగాం. ఎప్పటిలాగే నల్లకుక్క కూడా నీడలోకి దూరింది. దాని కాళ్లు లెక్కలోకి రావు.

పందిరి ఎప్పుడూ నలుగురిలో నెమ్మదైనవాళ్ల నడకే నడుస్తుంది. అంటే నా నడక. నా తరగతులు జరిగే రాళ్ల శాల రేవు చేరేసరికి ఓబులేసు రెండో చపాతీ కూడా అయిపోయింది. ఆలస్యం మీకు తెలిసిందే.

బుధవారం

కారణం: పై విధంగానే.

మీకు తెలియనిది ఒకటి రాస్తాను. నేను ఈ చదువు మొదలుపెట్టింది పంతొమ్మిదేళ్లప్పుడు, ఇదే ఆవరణలో. రెండో ఏడు వేసవి వచ్చి మళ్లీ పోలేదు. తలుపులన్నీ మూశారు. మైదానాలు, దారులు, చెట్ల కింద బెంచీలు అన్నీ ఎండకు వదిలేసి గదుల్లోకి వెళ్లిపోయాం. ఆ తర్వాత చదువంటే తెర. నాతో చదివినవాళ్ల ముఖాలు తెలుసు గానీ ఎవరు పొడుగో ఎవరు పొట్టో ఒక్కరిదీ తెలియదు. కొన్నాళ్లకు తెర కూడా కట్టేసి నేను కాపురంలో పడ్డాను.

చలువ పందిళ్లు వచ్చాయని, ఎర్రమల ఆవరణలో జనం మళ్లీ బయట నడుస్తున్నారని విన్నప్పుడు నాకు కన్నీళ్లు ఆగలేదు. ముసలిదాన్ని, ఏం చేస్తావక్కడ అన్నారు మా వాళ్లు. నడుస్తానన్నాను.

నడిస్తే ఎంత తెలుస్తుందో చూడండి. ఒంటరిగా ఎవరూ ఎండ దాటలేరు కాబట్టి ఇక్కడ ముక్కూ మొహం తెలియని నలుగురు రోజూ ఒక నీడలో పడతారు. మధ్య రేవులో దిగాల్సినవాళ్లు తమ కాలు ఇంకొకరికి అప్పగించందే దిగరు. దిగితే మిగిలిన ముగ్గురూ ఎండలో ఆగిపోతారు కదా. తోడు లేక ఒంటి చెయ్యితో ఎవరైనా పందిరి కింద నిలబడి ఉంటే చూసి దాటిపోకూడదు. ఇవేవీ మీరు రాసిన నియమాలు కావు, పిల్లలు తమంతట తాము పెట్టుకున్నవి.

ఇంకొకటి. పందిరికి తనదంటూ నడక లేదు, పట్టుకున్నవాళ్ల నడకే దానికి అలవాటవుతుంది. వ్యవసాయ కళాశాల వైపు పందిళ్లు చేను కొలిచినట్టు బారలు వేస్తాయి. సంగీతం వాళ్లవి తాళానికి తగ్గట్టు నడుస్తాయి. దూరం నుంచి నడక చూసి ఏ పందిరో చెప్పడం నాకు, పుల్లమ్మకు ఒక ఆట. ఆమె రసాయన శాస్త్రం చదువుతుంది, మాట తక్కువ, కానీ ఈ ఆటలో ఎప్పుడూ ఆమెదే గెలుపు.

శుక్రవారం

ఈ రోజు మీ విభాగం అధికారి విహారి గారు స్వయంగా వచ్చారు. రాళ్ల శాల గుమ్మంలో కుర్చీ వేయించాను. మంచి మనిషి. నీళ్లు తాగి, చెమట తుడుచుకుని విషయం చెప్పారు.

వచ్చే సోమవారం నుంచి రెండు వారాల పరీక్ష. ప్రతి రేవు గుమ్మంలో నడక పలక వేస్తారు. దాని మీదుగా నడిచినప్పుడు వేగంగా నడిచేవాళ్లెవరో, నడవలేనివాళ్లెవరో పలక తేలుస్తుంది. వేగం వాళ్లకు నీలం పందిరి, మిగతావాళ్లకు కావి రంగు పందిరి. బాగుందనిపిస్తే అదే ఖాయం చేస్తారు.

కావి పందిరికి నలుగురు దొరుకుతారా అని అడిగాను. ఆయన చెంబు కేసి చూశారు. మా వైపు నడవలేనివాళ్లం నేను, నిండు నెలల పరిశోధకురాలు ఒకామె. ఆమె కూడా నిన్ననే పుట్టింటికి వెళ్లిపోయింది.

వచ్చే వారం కాక ఆపై వారం గురువారం నా ఆఖరి ప్రయోగ పరీక్ష. రాయిని చేత్తో పట్టి, పగలగొట్టి, చెప్పాలి. గంట కొట్టాక తలుపు తీయరు. రాళ్ల శాల వచ్చే ఏడు మరో ఊరికి తరలిపోతుంది. ఆ గురువారం తప్పితే నాకు పట్టా లేదు. ఎండ తగలని మూతబండి రోగులకే తప్ప విద్యార్థులకు ఇవ్వరు. ఇదంతా చెప్పాను.

"తెర మీద రాసేందుకు అనుమతి ఇప్పిస్తానమ్మా," అన్నారు విహారి గారు. "ప్రయోగం మార్కులు మాత్రం రావు. సర్టిఫికెట్‌లో ఆ ముక్క ఉండదు."

తెర ముందు ఒకప్పుడు చాలినంత కూర్చున్నాను, మళ్లీ కూర్చోను అన్నాను. అప్పుడు ఆయన ఇంకో మాట చెప్పారు. లా చదివే పిల్లాడొకడు అభ్యాస కోర్టులో తన వాదనకు ఆలస్యంగా వెళ్లాడట. పందిరి నెమ్మదిగా వచ్చిందని చెప్పాడట. అతని వంతు ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ ఫిర్యాదుతోనే ఇదంతా మొదలైందట. పేరు చెప్పలేదు. లా చదువుతూ నాతో నడిచేది ఓబులేసు ఒక్కడే.

వాడు నాకు ఒక్క ముక్క చెప్పలేదు. రోజూ చపాతీ తింటూ "తొందరేం లేదులే అత్తా" అంటూనే ఉన్నాడు. అలాంటప్పుడు వేరు పందిళ్లు పెట్టడమే న్యాయమేమో అనిపించింది. ఇది మీకు సంతోషం కలిగించవచ్చు.

రెండో సోమవారం

నడక పలక మీద నడిచాను. కావి రంగు వెలిగింది. కావి పందిరి కాలు పట్టుకుని నిలబడ్డాను.

నీలం పందిళ్లు ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి. పిల్లలు వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్లారు. ఒంటి చెయ్యిని వదిలి వెళ్లడం వాళ్లకు చేతకాదు పాపం. ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వచ్చి కాలు పట్టుకున్నారు కూడా. వాళ్ల మీద నీలం ముద్ర పడింది కాబట్టి పందిరి వాళ్ల చేతుల్ని ఒప్పుకోలేదు. ఓబులేసు రెండు చేతులూ పెట్టి చూశాడు, భుజం పెట్టి చూశాడు. నేనే వెళ్లమన్నాను. మళ్లీ ఏ వాదనో పోగొట్టుకుంటాడని.

నల్లకుక్క మాత్రం నాతోనే ఉండిపోయింది. రాళ్ల శాల తలుపు వేసే గంట రేవు దాకా వినపడింది. అప్పుడు గదికి వచ్చేశాను.

కారణం: కాళ్లు చాలలేదు.

మంగళవారం

ఈ రోజు ఎవరూ రాకముందే రేవుకు వెళ్లి గోడ వారగా కూర్చున్నాను. కాసేపటికి ఓబులేసు, పుల్లమ్మ వచ్చారు. వెనక ఇంకా పది మంది దాకా ఉన్నారు. నన్ను చూడలేదు.

ఓబులేసు పలక మీదికి ఎక్కి కుంటడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి నడుము మీద, నాలుక పళ్ల మధ్య. చుట్టూ అంతా నవ్వారు. తర్వాత పుల్లమ్మ ఎక్కింది. ఆమె కూడా కుంటింది. నాలాగే భుజం పైకెత్తి, నాలాగే ముక్కుతో గాలి పీల్చి. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను గోడ పట్టుకుని లేచి, వచ్చిన దారినే వచ్చేశాను.

నాకు బాధగా ఉంది. ఇలా రాయడానికి సిగ్గు పడటం లేదు. మూడేళ్లు ఆ పిల్లల పక్కన నడిచాను. పుల్లమ్మకు జ్వరం వస్తే గంజి కాచి పోశాను. నా నడక వాళ్లకు భారమైతే భారమని చెప్పొచ్చు, ఆటగా మార్చనక్కర్లేదు. పుండు మీద కారం చల్లినట్టుంది.

బుధవారం

ఈ రోజు నడవలేదు. కాబట్టి ఆలస్యం లేదు. మీకు అభినందనలు.

గురువారం

పొద్దున్నే తలుపు తట్టిన చప్పుడైంది. తీయలేదు. అవతల నుంచి పుల్లమ్మ గొంతు వినపడింది. మూడేళ్లలో ఆమె ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం ఇదే మొదలు.

"అత్తా, రెండు దినాలు రాకపోతివి. ఓబులేసు కింద నడవలో నిలబడి ఉండాడు. నీతో పనుంది, తలుపు తియ్యి."

కుంటడం చూశానని, ఇంకేం పని మిగిలిందని లోపలి నుంచే అడిగాను.

"ఎక్కిరిస్తాండామనుకొంటివా?" అంది పుల్లమ్మ.

తలుపు తీశాను. ఆ పిల్ల కళ్లు నిండి ఉన్నాయి. చెప్పింది విన్నాను. కావి పందిరి ఎక్కాలంటే పలక కావి రంగు ఇవ్వాలి. అందుకని సోమవారం సాయంత్రం అందరూ పలక మీద నెమ్మదిగా నడిచి చూశారట. కావాలని నిదానిస్తే అది కనిపెట్టేస్తుందట, నీలమే ఇచ్చిందట. రెండు పాదాలూ సమంగా పడకపోతేనే దానికి నమ్మకం. అందుకని కుంటి చూశారు. ఆ దొంగ కుంటును కూడా అది నమ్మలేదు.

"మాకు నీ నడక రావడంలేదత్తా," అంది. "వచ్చి నేర్పియ్యి."

నేను మంచం మీద కూలబడి ఏడ్చాను, తర్వాత నవ్వాను, ఆ రెండూ కలిసిపోయాయి.

కిందికి దిగితే హాస్టల్ నడవలో ఓబులేసు తల వంచుకుని నిలబడ్డాడు. నా వల్ల నీ వాదన పోయిందట కదా అన్నాను. వాడు ఇంకాస్త వంచాడు.

"నీ వల్ల కాదత్తా. ఆ దినం నేను లేచిందే ఆలస్యంగా. పందిరి మీద పెట్టి సారుకు చెబితి. ఆయన రాసి పంపె. ఇంత దూరం వస్తాదనుకోలేదు."

నెత్తిన ఒక్కటి మొట్టాను. నొప్పి పుట్టేలాగే మొట్టాను. ఆ తర్వాత పాఠం మొదలుపెట్టాను.

నడకను పాఠంగా చెప్పడం అంత తేలిక కాదు. నేనెలా నడుస్తానో నాకే తెలియదు. నడిచి, ఆగి, మళ్లీ నడిచి చూసుకున్నాను. ఓబులేసు కుడి కాలు కుంటుతున్నాడు, అది ఎడమ అని చెప్పాల్సి వచ్చింది. పుల్లమ్మ అందరికంటే దగ్గరగా వచ్చింది గానీ పాదాన్ని ఈడుస్తోంది. ఈడవకూడదన్నాను. నొప్పి ఉన్నవాళ్లు పాదాన్ని ఈడవరు, జాగ్రత్తగా పెడతారు. చివరికి ఇలా చెప్పాను: "ఎడమ పాదం దించేటప్పుడు రవ్వంత భయపడాలి. కుడి పాదం దించేటప్పుడు బతికిపోయాననుకోవాలి."

అంతే. ఆ మాటతో అందరికీ వచ్చేసింది. సాయంత్రానికి నడవంతా నిండిపోయింది. పక్క హాస్టల్ వాళ్లు కూడా వచ్చారు. ఇన్నాళ్లు నేను దాచుకోవాలని చూసిన నడకను ఇంతమంది ఎదురెదురుగా నడుస్తుంటే గోడకు ఆనుకుని చూశాను. అందులో నాకు అసహ్యంగా ఏమీ కనిపించలేదు.

ఇది మీకు రాయకూడదని ఓబులేసు అన్నాడు. రోజూ నిజం రాయమన్నది మీరే కదా.

మూడో సోమవారం

గురువారం దినచర్య ఎవరూ చదవలేదని అర్థమైంది. చదివి ఉంటే విహారి గారు ఈ రోజు అంత ఆశ్చర్యపోయేవారు కాదు.

ఆయన పొద్దున్నే రేవులో పలక పక్కన నిలబడ్డారు. పిల్లలు వరసగా వచ్చారు. ఒక్కొక్కరూ ఎడమ పాదం భయంగా దించి, కుడి పాదం మీద బతికి, పలక దాటారు. కావి, కావి, కావి. సంగీతం వాళ్లు వచ్చారు, కావి. వ్యవసాయం వాళ్లు బారలు మానుకుని వచ్చారు, కావి. మా రాళ్ల శాల ఆచార్యులు గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని మరీ కుంటారు. ఆయన కొంచెం ఎక్కువ చేశారు గానీ పలక ఒప్పుకుంది.

కావి పందిళ్లన్నీ నిండిపోయాయి. నీలం పందిళ్లు ఖాళీగా నిలబడ్డాయి.

విహారి గారికి మధ్యాహ్నంలోగా పరిపాలన భవనంలో పని ఉంది. ఆయన మామూలుగా నడిచి పలక దాటారు. నీలం. నీలం పందిరి కాలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ రాలేదు, రావడానికి నీలం మనిషి ఇంకొకరు లేరు. ఎండ పెరుగుతోంది. ఆయన చెయ్యి కాలి మీద, చూపు మా మీద.

మా పందిరికి అప్పటికి ముగ్గురమే ఉన్నాం. నాలుగో కాలు పట్టుకోబోతున్న పిల్లాణ్ణి ఓబులేసు ఆపాడు. ఒంటి చెయ్యిని చూసి దాటిపోకూడదు కదా. నేను పిలిచాను.

"విహారి గారూ, మళ్లీ నడిచి రండి. ఎడమ పాదం దించేటప్పుడు రవ్వంత భయపడండి."

ఆయన అటూ ఇటూ చూశారు. వెనక్కి వెళ్లారు. చొక్కా సర్దుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా సిగ్గుపడుతూ పలక మీద కుంటారు. కావి. వచ్చి నాలుగో కాలు పట్టుకున్నారు. ఎవరూ నవ్వలేదు. సగం దూరం వెళ్లాక ఆయనే నవ్వారు. మైదానం అవతల గట్టు మీద రాళ్ల పొరలు ఎర్రగా, తెల్లగా, మళ్లీ ఎర్రగా ఉంటే అవేమిటని నన్ను అడిగారు. ఇన్నేళ్లుగా ఈ దారినే తిరుగుతున్నా ఎప్పుడూ చూడలేదన్నారు. చెప్పాను. దిగేటప్పుడు, ఇంకాస్త నెమ్మదిగా వెళ్తే రెండో గట్టు సంగతి కూడా అయ్యేది అన్నారు.

గురువారం

పరీక్ష అయింది. గంట కంటే ముందే చేరాం, ఎందుకంటే ముందే బయలుదేరాం. ఇంత చిన్న ఉపాయం ఇంతమందికి ఇన్నాళ్లు తోచలేదు. ఓబులేసు నాకంటే ముందు లేచి మా హాస్టల్ గుమ్మంలో కూర్చున్నాడు.

నాకిచ్చిన రాయి గట్టు మీది ఎర్రరాయే. రోజూ పక్కన నడిచిన రాయి. సుత్తితో కొట్టగానే లోపలి పొర తెల్లగా మెరిసింది. అంతా చెప్పాను.

బయటికి వస్తే ముగ్గురు పందిరి కింద కాళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. పుల్లమ్మ, ఓబులేసు, పేరు తెలియని ఒక అమ్మాయి. నా కాలు ఖాళీగా ఉంచారు. ఎంత సేపటి నుంచి ఉన్నారో అడగలేదు. అడిగితే అబద్ధం చెప్పేవాళ్లు. మీ అందరికీ నా బతుకంతా రుణపడి ఉన్నానని పైకే అన్నాను. ఓబులేసు చపాతీ సగం తుంచి నా చేతిలో పెట్టాడు.

వాన వారం దాటాక

నడక విభాగం వారికి ఇది నా చివరి దినచర్య. మీరు అడగకపోయినా రాస్తున్నాను.

పరీక్ష వారాల్లో ఆవరణ అంతా నడవలేనివాళ్లతో నిండి ఉందని పలకలు తేల్చాయి కాబట్టి మీరు వేరు పందిళ్ల ఆలోచన మానుకున్నారు. సంతోషం. ఎండలు తగ్గే వాన వారంలో నేను పట్టణానికి వెళ్లి మోకాలు మార్పించుకున్నాను. కొత్తది చక్కగా పని చేస్తోంది. పుల్లమ్మ, ఓబులేసు చదువులు ముగించుకుని వెళ్లిపోయారు. ఈ రోజు పట్టా తీసుకోవడానికి ఒక్కదాన్నే వచ్చాను.

రేవులో నిలబడితే మైదానం మీద పందిళ్లు కనిపించాయి. అలవాటుగా నడక చూసి ఏ పందిరో చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను. అన్నీ ఒకేలా నడుస్తున్నాయి. ఎడమ కాలు దించేటప్పుడు కాస్త ఆగి, కుడి కాలు మీద తేలిగ్గా లేస్తూ. వ్యవసాయం పందిరీ అంతే, సంగీతం పందిరీ అంతే. బాగుచేసేవాళ్లు వచ్చి చూస్తే విహారి గారు "ఇది లోపం కాదు, అలవాటు" అని రాసిచ్చి పంపేశారట.

ఎవరో కేకేశారు, ఇంకో కాలు కావాలని. వెళ్లి నాలుగో కాలు పట్టుకున్నాను. ముగ్గురూ కొత్త పిల్లలే, నన్నెరగరు. పందిరి లేచింది. నేను కొత్త మోకాలితో చక్కగా నడవబోతే నా చెయ్యి కాలి మీంచి జారిపోయింది. పందిరి ఆగింది. మళ్లీ పట్టుకున్నాను, మళ్లీ జారింది.

పక్క కాలి దగ్గరున్న అమ్మాయి నా వైపు చూసింది. సుంకులమ్మట పేరు, ఈ ఏడే చేరిందట.

"అవ్వా, నువ్వు కొత్తనా? ఈడ అట్ల నడవగూడదు. ఎడమ పాదం దించేటప్పుడు రవ్వంత భయపడాల. కుడి పాదానికి బతికిపోతిననుకోవాల. చూడు, ఇట్ల."

నడిచి చూపించింది. అచ్చంగా నా నడకే. భుజం కూడా లేచింది. ఎందుకలా అని అడిగాను.

"ఏమో అవ్వా. ఈడ అందరూ ఇట్లే నడుస్తారు. తొందరేం లేదులే, నేర్చుకో."

నల్లకుక్క నా కాళ్ల దగ్గర కూర్చుంది. ముగ్గురు పిల్లలూ కాళ్లు పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డారు. ఇంకోసారి చూపించమ్మా అన్నాను.

ఈ రోజు హాస్టల్ రేవు పందిరి ఆలస్యమైంది. కారణం: ఒక ముసలామె నడక నేర్చుకుంటోంది.